కోలారు బంగారు గనులు చూడబోయినవారు భోజనం ఎక్కడ చేయాలి?

కుప్పంవాసి:

పోయిన నెలలో హైదరాబాదు నుంచి వచ్చిన మా బంధువులకు కోలారు బంగారు గనుల ప్రాంతం చూపించడానికి తీసుకువెళ్ళాను. ఉదయమంతా మారికుప్పం, ఛాంపియన్ రీఫ్ వైపు తిరిగి, గనిలోకి దిగే, ఇప్పుడు మూతపడిన షాఫ్టుల మీది ఇనుప చట్రాలనూ, బంగారం తీశాక మిగిలి కొండల్లా పేరుకుపోయిన సయనైడ్ మట్టి దిబ్బలనూ దూరం నుంచే చూశాము. మధ్యాహ్నం ఒంటిగంటకు అందరికీ ఆకలి వేసినప్పుడు సగం మంది గనుల పక్కనే ఉన్న ఊరు రాబర్ట్‌సన్‌పేటలోనే తిందామన్నారు, మిగిలినవారు బంగారుపేటకో ముళబాగిలుకో పోదామన్నారు. కారులో తేలని ఆ వాదనను ఇక్కడి పెద్దల ముందు పెడుతున్నాను.

నా మట్టుకు నేను, గనులు చూసినవారు గనుల ఊళ్ళోనే తినాలంటాను. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టిన నాటి నుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడే వరకు నూటఇరవై ఏళ్ళు ఆ నేల బంగారాన్ని బయటి ప్రపంచానికే ఇచ్చింది. ఇప్పుడు వెళ్ళే మనం కూడా దిబ్బల ముందు ఫొటోలు తీసుకుని, నాలుగు రూపాయలు అక్కడ ఖర్చుపెట్టకుండా తిరిగివస్తే, ఆ ఊరికి మన రాక వల్ల మిగిలేది కారు రేపిన దుమ్మే. మాకూ ఆ గనులకూ సంబంధం లేకపోలేదు. మా గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం గనులను నడిపినది కూడా కోలారు గనులను నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ సంస్థే, అవి మూతపడినదీ ఆ ఏడాదే. అందుకే ఈ విషయం నాకు కేవలం రుచికి సంబంధించినదిగా అనిపించదు.

పలమనేరు బాటసారి:

కుప్పంవాసి గారి మనసు నాకు అర్థమవుతుంది గానీ, భోజనాన్ని మొక్కుబడిగా మార్చడాన్ని నేను ఒప్పుకోలేను. హోటలు నడిపే మనిషికి మనం చేయగలిగిన గౌరవమల్లా అతని వంట బాగుంటేనే లోపలికి వెళ్ళడం. ఆ లెక్కన చూస్తే గనుల ప్రాంతానికి వెళ్ళినవారు తప్పకుండా తినవలసినవి రెండున్నాయి, ఆ రెండూ రాబర్ట్‌సన్‌పేటలో పుట్టినవి కావు.

మొదటిది బంగారుపేట పానీపూరి. మిగతా ఊళ్ళలో పుదీనా, కొత్తిమీర కలిసి పచ్చగా ఉండే నీళ్ళు అక్కడ మంచినీళ్ళంత తేటగా ఉంటాయి. గ్లాసులో పోసి ఇస్తే తాగే నీళ్ళేనని భ్రమపడతాము, పూరీ నోట్లో చిట్లిన తరువాతగానీ ఆ కారం, ఆ పులుపు తెలియవు. బెంగళూరులో వీధివీధికీ ఆ పేరు బోర్డు మీద రాసుకున్న బండ్లు ఉన్నాయంటే ఆ ఊరి పేరుకున్న విలువ ఎంతో ఊహించవచ్చు. రెండవది ముళబాగిలు దోసె. అది కాగితంలా పలచగా సాగదీసే దోసె కాదు. అరచేతికి కాస్త పెద్దదిగా, మందంగా పోసి, అడుగు ఎర్రగా కాలేదాకా ఉంచి, లోపల మెత్తదనం పోకుండా తీసి, ఎర్రకారం పూసి ఇస్తారు. తిరుపతి నుంచి పలమనేరు, నంగలి మీదుగా బెంగళూరు పోయే మాలాంటివారికి ఆ దోసె కోసం ఆగడం తరతరాల అలవాటు.

ఇంకొక మాట. బంగారుపేటను గనులకు పరాయి ఊరుగా చూడడం చరిత్రకే విరుద్ధం. మైసూరు కమిషనర్ బౌరింగ్ పేరిట బౌరింగ్‌పేట అనిపించుకున్న ఆ జంక్షను నుంచే 1894లో గనులకు రైలు మార్గం వేశారు. యంత్రాలూ, బొగ్గూ, కూలీలూ, ధాన్యమూ ఆ ఊరి మీదుగానే వెళ్ళాయి. గనుల ప్రాంతం అంటే షాఫ్టుల చుట్టూ ఉన్న నాలుగు వీధులే అనుకుంటే కుప్పంవాసి గారి వాదన నిలుస్తుంది, లేకపోతే నిలవదు.

ఛాంపియన్ లైన్స్:

మా నాన్నగారు ఛాంపియన్ రీఫ్‌లో ఇరవైఆరేళ్ళు పనిచేశారు. కంపెనీ కూలీలకు వరుసగా కట్టించిన ఇళ్ళను మేము లైన్లు అంటాము. నేను పుట్టి పెరిగింది ఆ లైన్లలోనే కాబట్టి ఇద్దరికీ కొంత చెప్పవలసి ఉంది.

పలమనేరు బాటసారి గారూ, మా ఊళ్ళో చెప్పుకోదగిన హోటళ్ళు ఎందుకు తక్కువో మీరు అడగలేదు. అక్కడ మూడు షిఫ్టులు ఉండేవి. మూడు కిలోమీటర్లకు పైగా లోతు, రాతి వేడి అరవై డిగ్రీలు దాటే చోట పనిచేసి పైకి వచ్చిన మనిషికి తీరికగా కూర్చుని విందు చేసే ఓపిక ఉండదు. అతనికి కావలసింది కడుపులో చల్లగా దిగేది, తిన్న వెంటనే నిద్ర పట్టనిచ్చేది. మా ఇంట్లో అది రాగి అంబలి, లేదా సంగటి. ఆ ఒక్క ముద్దనే పక్కింటి ఆర్కాటు వాళ్ళు కళి అనేవారు, ఎదురింటి కన్నడం వాళ్ళు ముద్దె అనేవారు. చిన్నప్పుడు నేను ముగ్గురి ఇళ్ళలోనూ తిన్నాను. ముద్దలో తేడా లేదు, పక్కన పోసే పులుసులోనే తేడా. చలికాలంలో అనపకాయలు దిగినప్పుడు గింజలను రాత్రంతా నానబెట్టి, పొద్దున ఆడవాళ్ళంతా గడపల మీద కూర్చుని ఒక్కొక్క గింజనూ పితికి పొట్టు తీసేవారు. ఆ పితుకుపప్పు పులుసు ఉన్న రోజున తమిళం ఇంటికీ తెలుగు ఇంటికీ గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి.

కాబట్టి మా ఊరి తిండి హోటలు గదిలో కాక గడపల మీదా వీధి మలుపుల్లోనూ పెరిగింది. తెల్లవారక ముందే పొయ్యి వెలిగించి ఇడ్లీలు అమ్మే అమ్మలు, చీకటి పడ్డాక పెనం మీద బోటి, తలకాయ మాంసం, ఈరలు (కార్జం) వేయించి ఆకులో పెట్టి ఇచ్చే బండ్లవాళ్ళు మా ఊరి వంటవాళ్ళు. గనుల్లోకి దిగినవారిలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన దళితులు. వాళ్ళ వంటలు 'కుటుంబంతో కూర్చుని తినదగిన హోటళ్ళు' అనే జాబితాలలోకి ఎన్నడూ ఎక్కలేదు. రాబర్ట్‌సన్‌పేటలో తినడానికి ఏమీ లేదని వినిపించినప్పుడల్లా, ఎవరి వంటను లెక్కలోకి తీసుకోకుండా ఆ మాట అంటున్నారో ఆలోచించమని కోరుతాను.

అలాగే కుప్పంవాసి గారికి ఒక మనవి. తెల్లదొరల కాలంలో మా ఊరికి వచ్చిన 'చిన్న ఇంగ్లండు' అనే పేరు విని, ఆ కాలపు ఆంగ్లో ఇండియన్ భోజనం దొరుకుతుందని ఆశపడి వచ్చేవారిని నేను చాలామందిని చూశాను. కైమా ఉండల కూర, కొబ్బరిపాల పసుపు అన్నం, మిరియాల నీళ్ళు నిజంగానే మా ఊరి వంటలు, కానీ అవి ఇళ్ళలో వండుకునేవి. 1885 నాటి క్లబ్బు ఇంకా ఉన్నా అది సభ్యులది, దారిన పోయేవారు వెళ్ళి కూర్చునే హోటలు కాదు. క్రిస్మసుకు వాళ్ళు పంచే రోజ్ కుకీలు మాత్రం మీకు కొత్తవి కావు. పూల అచ్చును పిండిలో ముంచి నూనెలో వేయించే మన గులాబీ పువ్వులే అవి.

రోజూ రైల్లో:

గనుల ఊళ్ళోని ఉరిగాం స్టేషనులో ఎక్కి బెంగళూరులో దిగే వేలమందిలో నేనొకడిని. ఛాంపియన్ లైన్స్ గారు చెప్పినదానికి ఒక్క విషయం కలుపుతాను. గనుల కూతలు ఆగిపోయాక మా ఊరి ఆకలి వేళలను రైలు నిర్ణయిస్తోంది. చీకటితోనే ఊరు సగం ఖాళీ అవుతుంది, రాత్రికి తిరిగి నిండుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు తినేవాళ్ళే ఊళ్ళో లేనప్పుడు ఎవరు మాత్రం వేడివేడిగా వండి ఉంచుతారు? కుప్పంవాసి గారు వెళ్ళింది సరిగ్గా ఆ వేళకే. ఆయన ఊరిని తప్పుగా ఎంచుకోలేదు, గంటను తప్పుగా ఎంచుకున్నారు.

పలమనేరు బాటసారి:

ఛాంపియన్ లైన్స్ అమ్మా, ఎవరి వంటను లెక్కలోకి తీసుకోలేదని మీరు అడిగిన ప్రశ్న నాకు గట్టిగానే తగిలింది. నేను ఆ ఊరికి ఆరేడుసార్లు వెళ్ళాను, ప్రతిసారీ పగలే వెళ్ళాను, మూడుసార్లు బోర్డు ఉన్న హోటలులోనే తిని, బాగోలేదని తీర్మానించుకున్నాను. బండి దగ్గర నిలబడి తినలేదు. ఆ మేరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అయినా ఒక చిక్కు మిగిలే ఉంది. వృద్ధులతో, చిన్నపిల్లలతో పగటిపూట వచ్చి పొద్దుగూకేలోగా తిరిగిపోవలసినవారికి చీకటి పడ్డాక పెట్టే బండి ఎలా పనికివస్తుంది? మోకాళ్ళ నొప్పులతో ఉన్న మా అమ్మగారిని వీధిలో నిలబెట్టి తినిపించలేను, శుభ్రమైన నీళ్ళూ, చేతులు కడుక్కునే చోటూ ఆమెకు కావాలి. అటువంటివారికి మధ్యాహ్నానికి ముళబాగిలు దారి పట్టమనే ఇప్పటికీ చెబుతాను, అందులో గనుల ఊరిని చిన్నచూపు చూడడం ఏమీ లేదు. ముప్పై కిలోమీటర్ల దూరం ఆకలితో ప్రయాణించడం పెద్దలకు కష్టమే కనుక దారిలో తినడానికి అరటిపళ్ళయినా రాబర్ట్‌సన్‌పేట ఎం.జి. మార్కెట్టులో కొనండి. అప్పుడు కుప్పంవాసి గారి నాలుగు రూపాయలూ ఊళ్ళోనే ఉంటాయి.

కుప్పంవాసి:

బాటసారి గారు పెద్దవారి సంగతి చెప్పింది నిజం. ఊళ్ళోనే తినాలి అని నేను అందరికీ ఒకే మాటగా చెప్పడం సరికాదు. అయితే చరిత్ర చూడాలని వచ్చి, ఆ చరిత్రను మోసినవాళ్ళ తిండిని చూడకుండానే వెళ్ళిపోవడం మాత్రం నాకు ఇంకా లోటుగానే తోస్తుంది. మా బంధువులకు నేను షాఫ్టులు చూపించాను, 1902లోనే శివనసముద్రం నుంచి ఆ గనులకు కరెంటు వచ్చిన కథ చెప్పాను, కానీ లోపల పనిచేసి వచ్చిన మనిషి ఏమి తిన్నాడో చెప్పలేకపోయాను, నాకే తెలియదు కనుక.

సంక్రాంతికి వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. ఈసారి కారు వద్దనుకున్నాము. మధ్యాహ్నం కుప్పంలో రైలెక్కి, బంగారుపేటలో దిగి పానీపూరి తిని, సాయంత్రం రైల్లో ఉరిగాం చేరి, రాత్రి అక్కడే బస చేస్తాము. అనపకాయల కాలమే కనుక పితుకుపప్పు ఏ బండి దగ్గరైనా దొరుకుతుందేమో 'రోజూ రైల్లో' గారు విచారించి చెబితే మేలు. ఛాంపియన్ లైన్స్ గారూ, మీ వీధి మలుపులో ఇడ్లీలు అమ్మే అమ్మ దగ్గరకు ఎన్ని గంటలకు చేరుకుంటే మా ఎనిమిది మందికీ మిగిలి ఉంటాయి?