ఈ వారం సమస్య: ముసుగు వేసిన పిమ్మటే మోము దెలిసె

నిర్వాహకుడు (విజయనగరం): దసరా వెళ్ళిన మంగళవారం మా ఊళ్ళో పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర. వేషాల రోజులు కదా, సమస్యా అలాంటిదే. ఇది తేటగీతి నాలుగో పాదం, పై మూడూ మీరు పూరించాలి. దొంగలూ కరోనా మాస్కులూ ఇప్పటికే బోలెడు వచ్చాయి, ఇక వద్దు బాబూ!

పాలకొండ సభ్యురాలు:
పైడితల్లి పండుగనాడు పులిగ మారి
తప్పెటల మ్రోఁత కడుగులు తాండవింప
సిగ్గరియె వీధిలో నాడెఁ జిందు వేసి
ముసుగు వేసిన పిమ్మటే మోము దెలిసె

నిర్వాహకుడు: ‘సిగ్గరి’తో పద్యం నిలబడింది. మొదటి పాదంలో యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరం) మాత్రం పోయింది. ‘పై’కి ‘పు’ చెల్లదమ్మా. ‘పైడితల్లి పండుగనాడు పసుపు పులిమి’ అంటే సరి.

పాలకొండ సభ్యురాలు: మరి పులేదండీ మాస్టారూ? పసుపు పులిమితే పెళ్ళికొడుకనుకుంటారు! ఇలా మారుస్తున్నా: ‘పైడితల్లి జాతరలోనఁ బట్టెపులిగ’.

నిర్వాహకుడు: భేష్. నా సవరణ కొట్టేయండి.

బొబ్బిలి సభ్యుడు:
చెక్కతో నొక మొగమును చెక్కె శిల్పి
వంచ నేడ్చును, పై కెత్త వచ్చు నగవు
నటుని గుండెయే యా చెక్క నడుమ వెలిగె
ముసుగు వేసిన పిమ్మటే మోము దెలిసె

ఇది జపాను ‘నో’ నాటకం. ముఖోటా హినోకి చెక్కతో చేస్తారు. కంటి రంధ్రాలు మరీ చిన్నవి, వేదిక మూలనున్న స్తంభాన్ని ఆనవాలు పట్టుకుని నటుడు అడుగేస్తాడు.

నిర్వాహకుడు: రెండో పాదం నేను రాసుంటే బాగుణ్ణనిపించింది. కానీ పద్యంలో జపాను జాడేదీ? కింద వివరణ లేకపోతే కొండపల్లి బొమ్మనుకునేవాణ్ణి.

శ్రీకాకుళం సభ్యుడు:
మగువ మగవేసమునఁ బోయి మాటలాడ
సానియని మోముఁ జూడని సాధువునకు
మనిషిగాఁ గానవచ్చెను మధురవాణి
ముసుగు వేసిన పిమ్మటే మోము దెలిసె

పాలకొండ సభ్యురాలు: కన్యాశుల్కం! 1892లో మొదట ఆడింది విజయనగరంలోనే. ఆ ఊరి వాళ్ళకి తట్టలేదేటండీ?

నిర్వాహకుడు: దెప్పండి, పడతాం. ఆ నాటకంలోంచి కరటకశాస్త్రి శిష్యుడి ఆడవేషం ఎవరైనా పట్టుకొస్తారనుకున్నా. అది లుబ్ధావధాన్లను బోల్తా కొట్టించే వేషం, దానితో ఈ సమస్య తీరదు. దాచే ముసుగులు ఎన్నయినా దొరుకుతాయి, నాకు కావలసింది బయటపెట్టేది. మగవేషం లేకపోతే వకీలు సౌజన్యారావు పంతులు మధురవాణితో మాటే కలిపేవాడు కాదు. ఒక్కటే అభ్యంతరం: వకీలుని పట్టుకుని సాధువంటారేమిటి? ‘సజ్జనునకు’ అనండి. యతి చెడదు, పంతులు పేరూ ధ్వనిస్తుంది.

బొబ్బిలి సభ్యుడు: కేరళలో దేవుడి వేషం కట్టి ఆడే తెయ్యంలో వేషం పూర్తయ్యాక అద్దంలో ముఖం చూసుకుంటారు. అక్కణ్ణించి ఆ మనిషి దేవుడి కిందే లెక్క, జనం దండం పెట్టి కష్టాలు చెప్పుకుంటారు. దానిమీద ఎవరూ రాయలేదే!

నిర్వాహకుడు: మీరే రాయండి. శుక్రవారం దాకా గడువుంది. ఈసారి కేరళ పద్యంలోనే కనపడాలి.