గుద్దు పడే ముందు మెడ బిగించాలా, వదిలేయాలా?

బెజవాడ_ఫిజియో
వాట్సాప్‌లో మళ్లీ తిరుగుతోంది: "వెనక నుంచి బండి గుద్దబోతే ఒళ్లు వదులుగా పెట్టండి, తాగినవాడికి దెబ్బ తగలదు చూడండి" అని. తాగి బతికినవాళ్ల కబుర్లే మనదాకా వస్తాయి, పోయినవాళ్లవి రావు. దాన్ని పక్కన పెడదాం. నేననేది, బిగించడమా వదలడమా అన్న చర్చే దండగ.

బంపరు తగిలిన క్షణాన్ని సున్నా అనుకోండి. సీటు వీపును ముందుకు తోస్తుంది, నాలుగున్నర అయిదు కిలోల తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. సుమారు 50 నుంచి 75 మిల్లీసెకన్ల మధ్య కిందిమెడ వెనక్కీ పైమెడ ముందుకీ వంగి, మెడ ఇంగ్లిషు 'ఎస్' ఆకారంలోకి వస్తుంది. మెడ కండరాల్లో ఈఎంజీ (కండరంలో పుట్టే విద్యుత్తును కొలిచే పరీక్ష) సంకేతం మొదలయ్యేదే దాదాపు 70–100 దగ్గర. సంకేతం బలంగా మారడానికి ఇంకొన్ని పదుల మిల్లీసెకన్లు. కండరం నిద్రలేచేసరికి పెళ్లయిపోయి పందిరి విప్పేస్తుంటారు.

హైవే_నేస్తం
ఫిజియో గారూ, లెక్క సరే. కానీ అదంతా చూసుకోకుండా గుద్దించుకున్నవాడి లెక్క. సిగ్నల్ దగ్గర ఆగినవాడు అద్దంలో లారీని చూస్తే ఒక సెకను చేతికొస్తుంది. మీ కొలతలో అది వెయ్యి మిల్లీసెకన్లు. ముందే బిగిసిన కండరానికి ఆలస్యం ఎక్కడిది? ఆ సెకనులో వీపంతా సీటుకు అదిమి, తల హెడ్‌రెస్ట్‌కు ఆనించి, చూపు నేరుగా పెట్టి, భుజాలు కొంచెం పైకెత్తి, బ్రేకు గట్టిగా తొక్కాలి. వదులుగా పెట్టమనేవాళ్లు మెడను తాడుకు కట్టిన కుండలా వదిలేయమంటున్నారు.

వెన్నుపూస
తల ఆనించడం వరకు నూటికి నూరు ఒప్పుకుంటాను. మిగతాది అంత తేలిక కాదు. మెడ వెనక లోతుగా ఉండే మల్టిఫిడస్ కండరపు పోగులు కొన్ని నేరుగా ఫాసెట్ కీళ్ల (వెన్నుపూసలను వెనకవైపు కలిపే చిన్న కీళ్లు) చుట్టూ ఉండే సంచికే అతుక్కుని ఉంటాయి. వెనక గుద్దులో నొప్పికి ప్రధాన అనుమానితుడు ఆ సంచే. అది సాగుతున్న క్షణంలోనే కండరం కూడా లాగితే కాపు కాసినట్టా, అదనపు లాగుడు పెట్టినట్టా? ఇక ముందువైపు, చెవి వెనక నుంచి గొంతు గుంట దాకా తాడులా కనిపించే కండరం ఉంది, ఎస్‌సీఎం. తల వెనక్కి పోతుంటే అది బిగుస్తూనే సాగుతుంది. కండరపు పోగులు ఎక్కువగా తెగేది అలాంటప్పుడే.

తల తిప్పి ఉంటే కథ ఇంకా మారుతుంది. ఎడమకు తిరిగిన తలను తిప్పి పట్టేది కుడి ఎస్‌సీఎం. అది అప్పటికే పనిలో ఉంటుంది, ఎడమది సాగి ఉంటుంది. గుద్దు పడితే రెండు పక్కలా ఒకేలా స్పందించవు. మెలితిరిగిన కీలు సంచిలో బిగువు గుద్దుకు ముందే ఉంటుంది కాబట్టి తిన్నగా ఉన్న మెడలోకన్నా ఎక్కువ సాగుతుంది. నేస్తం గారు చెప్పిన 'అద్దంలో చూడటం'లోనే చిక్కుంది. మన కుడిచేతి స్టీరింగు బండిలో నడిమి అద్దం ఎడమ పక్కన ఉంటుంది. చూడాల్సింది కళ్లతో, గడ్డంతో కాదు.

సీటు_మెకానిక్
మీరిద్దరూ కండరం దగ్గరే కొట్టుకుంటున్నారు. కండరం చేతిలో లేనిది, సీటు చేతిలో ఉన్నది. తలకూ హెడ్‌రెస్ట్‌కూ మధ్య ఖాళీ ఎంతుంటే తల అంత ఆలస్యంగా ఆనుతుంది, ఆలోగా ఎస్ వంపు అంత ముదురుతుంది. అమెరికా నిబంధనలో ముందు సీట్లకు ఆ ఖాళీ 55 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇంట్లో కొలవడానికి టేపు అక్కర్లేదు. డ్రైవరు మామూలుగా కూర్చున్నాక పక్కవాళ్లు ఖాళీలో వేళ్లు అడ్డంగా పెట్టి చూడాలి. మూడు వేళ్లు పడితే బాగున్నట్టే. పిడికిలి దూరిపోతే సీటు సర్దాలి. ఎత్తు విషయానికొస్తే, హెడ్‌రెస్ట్ పైఅంచు నడినెత్తికి సమంగా ఉండాలి, మరీ తగ్గితే ఆరు సెంటీమీటర్ల లోపు. మెడ వంపులో ఆగిందంటే అది హెడ్‌రెస్ట్ కాదు, తల వెనక్కి మడిచే కమ్మీ.

ఖాళీ పెంచేవి రెండు. ఒకటి, నడుం నొప్పికని వీపు వెనక పెట్టే లావు దిండు. ఒళ్లు ముందుకొస్తుంది, హెడ్‌రెస్ట్ అక్కడే ఉంటుంది. రెండు, సీటు బాగా వాల్చి, రోడ్డు కనబడటానికి గడ్డం ముందుకు చాచి నడపడం. ఇంకోటి ఎవరూ రాయరు: కొప్పు, పెద్ద క్లిప్పు. అవి హెడ్‌రెస్ట్‌కు ఒత్తుకుంటుంటే తల ముందుకే నిలుస్తుంది. అసలే ఈ గాయం ఆడవాళ్లకు ఎక్కువ. జడ పక్కకు వేసుకుంటే ఖర్చు లేకుండా రెండు మూడు సెంటీమీటర్లు కలిసొస్తాయి.

బెజవాడ_ఫిజియో
మెకానిక్ గారికి దండం. నేస్తం గారి సెకను వాదనకు ఒక్క అభ్యంతరం. వలంటీర్లను స్లెడ్ (గుద్దును అనుకరిస్తూ సీటును కుదిపే ప్రయోగపు బండి) మీద కూర్చోబెట్టి చేసే ప్రయోగాల్లో వేగం తక్కువ, గుద్దు వస్తుందని మనిషికి తెలుసు. పైగా మొదటి గుద్దుకు ఉలిక్కిపాటు కలిసిన స్పందన వస్తుంది, వరసగా గుద్దుతూ పోతే అది తగ్గిపోతుంది. రోడ్డు మీద ఎవరికైనా పడేది మొదటిదే. పదో గుద్దు ఈఎంజీ చూపించి "బిగించినవాడు భద్రం" అంటే ఒప్పుకోను.

హైవే_నేస్తం
అదే లెక్కన ఒరిగి కూర్చున్నవాడికి ఈఎంజీ తక్కువ వస్తే అది మంచి భంగిమ అనేస్తారా? ఈఎంజీ తగ్గడమంటే కండరం తక్కువ పనిచేసిందని మాత్రమే. భారం కీలు మీద పడిందో సీటు మీద పడిందో చర్మం మీద అతికించిన ఎలక్ట్రోడు చెప్పలేదు. మల్టిఫిడస్ దానికి సరిగ్గా అందదు కూడా.

వెన్నుపూస
అక్కడ మీతో కలుస్తాను. భుజాలు ఎత్తడం మీద మాత్రం కలవను. తల ఆనాక గడ్డం కొద్దిగా లోపలికి, చూపు నేరుగా, అంతవరకే.

సీటు_మెకానిక్
వెనక సీటువాళ్లను మరిచారు. రివర్సు తీసేటప్పుడు అడ్డమని వెనక హెడ్‌రెస్ట్‌లు అడుక్కి నొక్కేసి అలాగే వదిలేస్తారు. సాధారణంగా ఒక కమ్మీ మొదట్లో చిన్న బొత్తాం ఉంటుంది. పైకి లాగి 'టక్' మనేదాకా ఎత్తండి. తర్వాత బొత్తాం ముట్టుకోకుండా కిందికి నొక్కి చూడండి. దిగిపోతే గాడిలో పడలేదన్నమాట.