కార్తీక సోమవారానికి తలకోన వెళ్తే బస ఎక్కడ, భోజనం ఎక్కడ?

ప్రశ్న (చిత్తూరు నుంచి)

అందరికీ నమస్కారం. ఈ కార్తీకంలో ఒక ఆదివారం కారులో బయలుదేరి, సోమవారం తలకోనలో సిద్ధేశ్వరస్వామి దర్శనం చేసుకుని, జలపాతం చూసి, మంగళవారం తిరిగి రావాలని అనుకుంటున్నాము. నాతోపాటు డెబ్బై దాటిన మా అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు వస్తారు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు ఉన్నందువల్ల మెట్లు ఎక్కువగా ఎక్కలేదు. పైగా కార్తీకమంతా ఉల్లి, వెల్లుల్లి ముట్టదు, సోమవారం పగలంతా ఉపవాసం ఉండి నక్షత్రదర్శనం అయ్యాకే భోంచేస్తుంది. పిల్లలకేమో ఆ దారిన వెళ్తే రాగి సంగటి, నాటుకోడి పులుసు ఉండి తీరాలి. తలకోనలోనే గది తీసుకోవడం మంచిదా, భాకరాపేటలోనో పీలేరులోనో దిగడం మంచిదా, లేక తిరుపతిలో ఉండి పొద్దున్నే వెళ్ళిరావడం మేలా? రాత్రి ఏడు దాటాక అమ్మ నియమానికి సరిపడే భోజనం ఎక్కడ దొరుకుతుందన్నది నా అసలు దిగులు.

జవాబు (తిరుపతి నుంచి)

ముందుగా ఒక సంగతి తెలిస్తే మిగిలినవి సులువుగా అర్థమవుతాయి. తలకోన ఉన్నది 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో. సుమారు 353 చదరపు కిలోమీటర్ల ఆ అడవిలో ప్రైవేటు లాడ్జీలకు, హోటళ్ళకు చోటు లేదు కాబట్టి, లోపల పర్యాటక సంస్థ వాళ్ళ గదులు, స్థానిక వన సంరక్షణ సమితితో కలిసి అటవీశాఖ నడిపే కుటీరాలు తప్ప వేరే దారి లేదు. ఆ గదులేమో కొద్ది. కార్తీక ఆదివారం రాత్రికి అవి ముందే నిండిపోతాయి కాబట్టి తేదీ అనుకున్న రోజే బుక్ చేసుకోవాలి, అక్కడికి వెళ్ళి చూసుకుందామంటే కుదరదు.

తిరుపతిలో దిగడానికి నేను ఒప్పుకోను, నేను తిరుపతివాడినే అయినా సరే. శని, ఆదివారాల్లో ఇక్కడి లాడ్జీలన్నీ కొండకు వచ్చిన యాత్రికులతో నిండి ఉంటాయి, అద్దెలు కూడా దానికి తగ్గట్టే పెరుగుతాయి. బస్టాండు ఎదుట ఉన్న శ్రీనివాసం, రైల్వేస్టేషన్ ఎదుట ఉన్న విష్ణునివాసం దేవస్థానం వాళ్ళు శ్రీవారి భక్తుల కోసం నడుపుతున్నవి, వాటిని తలకోన ప్రయాణానికి లెక్కలో వేసుకోకండి. కార్తీక సోమవారమంటే ఇక్కడి శివాలయం కపిలతీర్థం దగ్గర తెల్లవారుజాము నుంచే జనం ఉంటారు. ఆ రద్దీ దాటి, చంద్రగిరి, రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్ ఎక్కి, అక్కడినుంచి నెరబైలు వైపు తిరిగి తలకోన చేరడానికి సుమారు 60 కిలోమీటర్లు పెద్దావిడను కూర్చోబెట్టి తీసుకువెళ్ళాలి. చిత్తూరువారికి అంత అవసరమే లేదు. మీరు పీలేరు మీదుగా వస్తే ఆ ఘాట్ ఎక్కకుండానే భాకరాపేట చేరుకోవచ్చు.

జవాబు (పీలేరు నుంచి)

పై మిత్రులు చెప్పింది నిజం. తలకోనలో గది దొరికితే అక్కడే ఉండండి, దొరకకపోతే పీలేరులో దిగండి. భాకరాపేట చిన్న ఊరు, కుటుంబంతో రాత్రి గడపడానికి పీలేరులోనే కాస్త వీలుగా ఉంటుంది. అయితే ఫోనులో "రూము ఉందా" అని మాత్రమే అడిగి పెట్టేయకండి. కింది అంతస్తులో గది ఉందా, బాత్‌రూములో వెస్టర్న్ కమోడ్ ఉందా, వేడినీళ్ళు ఎన్ని గంటలకు వదులుతారు, అద్దె 24 గంటల లెక్కా లేక మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చేయాలా అన్నవి విడివిడిగా అడగండి. "గీజర్ ఉంది సార్" అన్న మాటకు, పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా అందరికీ కలిపి ఒక్క గీజరే అన్న అర్థం కూడా ఉండవచ్చు. తెల్లవారకముందే తలస్నానం చేసి గుడికి వెళ్ళాలనుకునే అమ్మగారికి అది పనికిరాదు. పెద్దవాళ్ళందరి ఆధార్ కార్డులు దగ్గర ఉంచుకోండి.

జవాబు (భాకరాపేట దగ్గరి పల్లె నుంచి)

భోజనం సంగతి నేను చెబుతాను. కార్తీక సోమవారం రోజు మా వైపు చాలా ఇళ్ళలో నీచు వండరు, చిన్న మెస్సుల్లోనూ ఆరోజు కోడికూర ఉంటుందన్న నమ్మకం లేదు. కాబట్టి పిల్లల సంగటి, నాటుకోడి ముచ్చట ఆదివారం మధ్యాహ్నమే తీర్చేయండి. కార్తీకంలో కోడేమిటని అమ్మగారు అడిగితే జవాబు మాత్రం మీరే చెప్పుకోవాలి.

నాటుకోడిని చాలాచోట్ల ముందుగా చెబితేనే కోస్తారు. ముదురు కోడయితే ఉడకడానికే గంట దాటుతుంది, అందుకని పొద్దున్నే ఫోను చేసి ఎంతమంది వస్తున్నారో, ఎన్ని గంటలకు వస్తున్నారో చెప్పండి. సంగటి మధ్యాహ్నానికే కెలుకుతారు. దించిన వెంటనే చేయి తడుపుకుని ముద్ద చేసి, మధ్యలో గుంట పెట్టి పులుసు పోసి ఇస్తే దాని రుచి వేరు, చల్లారితే గట్టిపడి పిల్లలు సగంలోనే వదిలేస్తారు. చెనక్కాయల ఊరిబిండి (వేరుశెనగ పచ్చడి) ఉందేమో అడగండి, కోడి పులుసుకన్నా అదే బాగుందని మీ భార్యగారు అన్నా అనవచ్చు.

అమ్మగారి భోజనానికి మెస్సులను నమ్ముకోవద్దు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, పప్పు తాలింపులో వెల్లుల్లి, సాంబారులో ఉల్లిపాయ వేయడం అలవాటైన చేతులవి. "ఉల్లిపాయ వేయొద్దు" అంటే సరేనంటారు, చారులో మాత్రం దంచిన వెల్లుల్లి తేలుతూ ఉంటుంది. ఉత్త అన్నం, గడ్డపెరుగు అడిగి తీసుకోండి. ఇంటినుంచి వెల్లుల్లి లేని కందిపొడి, చింతకాయ పచ్చడి, చిన్న సీసాలో నెయ్యి తెచ్చుకుంటే ఆ పూట గడిచిపోతుంది. చిన్న ఊళ్ళలో ఎనిమిదిన్నరకే పొయ్యి ఆర్పేస్తారు కాబట్టి, చుక్క కనిపించే సమయానికి అన్నం సిద్ధంగా ఉంచమని మధ్యాహ్నమే చెప్పి, కొంత డబ్బు ముందే ఇచ్చి వెళ్ళండి. డబ్బు ముట్టిన మాటకు విలువ వేరు.

మళ్ళీ ప్రశ్న (చిత్తూరు నుంచి)

అందరికీ కృతజ్ఞతలు. సోమవారం మాటను అమ్మ వదులుకోదు. ఆదివారం రాత్రికి తలకోనలో గది దొరికితే అక్కడ, లేకపోతే పీలేరులో ఉంటాము. సోమవారం రాత్రి మాత్రం పీలేరులోనే అనుకుంటున్నాము. అలాగైతే జలపాతం చూసుకుని సాయంత్రం ఎన్ని గంటలలోపు అడవి దాటాలి? అమ్మ జలపాతం దాకా నడవగలదా?

జవాబు (భాకరాపేట దగ్గరి పల్లె నుంచి)

గుడి దాకా అమ్మగారిని తీసుకువెళ్ళవచ్చు. జలపాతానికి మాత్రం మెట్లు, రాళ్ళు దాటుకుంటూ నడవాలి, ఆవిడను గుడి దగ్గర చెట్ల కింద కూర్చోబెట్టి మీరిద్దరూ ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిరండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడే కాలం కాబట్టి 270 అడుగుల ఎత్తునుంచి నీళ్ళు నిండుగా దూకుతాయి, అందం అప్పుడే, ప్రమాదమూ అప్పుడే. వాయుగుండం పడి పెద్ద వాన కురిస్తే అటవీశాఖ వాళ్ళు సందర్శకులను లోపలికి వదలరు, బయలుదేరే ముందు రోజు వాతావరణం చూసుకోండి. గుడి దగ్గర కోతులు ఎక్కువ, అమ్మగారి చేతిసంచిలో అరటిపండ్లు పెట్టకండి.

సాయంత్రం అయిదు కాకముందే బయలుదేరండి. చీకటి పడ్డాక ఆ దారిలో హోటలూ ఉండదు, అడగడానికి మనిషీ దొరకడు. ఈ శేషాచలం అడవుల్లో ఎర్రచందనం దొంగరవాణా వల్ల రాత్రిపూట చెక్‌పోస్టుల దగ్గర వాహనాలు ఆపి డిక్కీ కూడా తెరిపిస్తారు. మీకు భయపడాల్సింది ఏమీ లేదు గానీ, పొద్దుటినుంచి పస్తున్న పెద్దావిడ కారులో ఉండగా ఆ ఆలస్యం ఎందుకు? ఏడు లోపల పీలేరు చేరితే చుక్క చూసి, వేడన్నం తినిపించవచ్చు.