పరిశ్రమల కాలుష్య తనిఖీని ప్రైవేటు ఆడిటర్లకు అప్పగించవచ్చా?

రణస్థలం వాసి:
కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో తెచ్చిన పర్యావరణ ఆడిట్ నియమాల వల్ల, కాలుష్య నియంత్రణ మండలి అధికారులతో పాటు నమోదైన ప్రైవేటు ఆడిటర్లు కూడా పరిశ్రమలను తనిఖీ చేయబోతున్నారు. పైడిభీమవరం పారిశ్రామికవాడ పక్కన బతికే మనకు ఇది దూరపు సంగతి కాదు. మండలికి సిబ్బంది చాలరన్న మాట నిజమే అయినా, సర్కారు బాధ్యతను ఫీజు తీసుకునే మనిషి చేతిలో పెడితే ఊరికి మేలు జరుగుతుందని నేను నమ్మలేకపోతున్నాను.

విజయనగరం ఇంజనీరు:
ప్రైవేటు వారు కొత్తగా వస్తున్నారనడం సరికాదండీ. కొత్త పరిశ్రమలకు పర్యావరణ అనుమతులపై కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ కింద పర్యావరణ ప్రభావ నివేదికను రాసేది పరిశ్రమ డబ్బిచ్చి పెట్టుకున్న కన్సల్టెంటే. దానిపై ప్రజాభిప్రాయ సేకరణ జరిపేది మాత్రం మండలి. 2014లో కేంద్ర మండలి 17 రకాల పరిశ్రమలకు తప్పనిసరి చేసిన, కాలుష్యాన్ని కొలిచే ఆన్‌లైన్ పరికరాలను కొనేదీ, నడిపేదీ యాజమాన్యమే. ఇక మందుల కంపెనీల్లో, విదేశీ కొనుగోలుదారుల తనిఖీ బృందం వస్తోందంటే శుద్ధి కేంద్రంలో కనిపించే శ్రద్ధ మండలి నోటీసుకు కనిపించదు. ఆర్డరు పోతుందన్న భయం అలాంటిది.

పూసపాటిరేగ రైతు:
ఇంజనీరు గారూ, ఆ బృందాలు ప్రహరీ లోపలే తిరిగి వెళ్లిపోతాయి, గెడ్డ (వాగు) దగ్గరికి ఒక్కరూ రారు. పెద్ద వాన పడిన రాత్రి గెడ్డ నీరు ముదురు రంగుకు తిరిగి, మందు కంపు కొడుతూ మా పొలం గట్ల దాకా వస్తుంది. ఫిర్యాదు చేస్తే మనిషి వచ్చి సీసాలో నీరు పట్టేసరికి ఆ నీరు కాస్తా సముద్రంలో కలిసిపోతుంది. వచ్చేవాడు సర్కారు మనిషా, ప్రైవేటు మనిషా అన్నది మాకు రెండో ప్రశ్న. ఎప్పుడు వస్తాడు, ఎక్కడ నీరు పడతాడు అన్నది మొదటిది.

శ్రీకాకుళం అధ్యాపకుడు:
రైతు గారి ప్రశ్నే అసలు ప్రశ్న. దానికి గుజరాత్ అనుభవం కొంత జవాబు చెబుతుంది. అక్కడ 1996లో హైకోర్టు ఆదేశంతో ప్రైవేటు ఆడిట్ మొదలైంది. ఆడిటర్‌ను ఎంచుకునేదీ, డబ్బు ఇచ్చేదీ పరిశ్రమే కావడంతో, చాలా నివేదికల్లో కాలుష్యం అంకెలు పరిమితికి సరిగ్గా ఒక మెట్టు కింద వచ్చి ఆగేవి. తర్వాత 2009–11 మధ్య పరిశోధకులు గుజరాత్ మండలితో కలిసి కొన్ని పరిశ్రమల్లో పద్ధతి మార్చి చూశారు: ఆడిటర్‌ను లాటరీలో కేటాయించారు, ఫీజును ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు, కొన్ని నమూనాలను వేరే బృందంతో మళ్లీ పరీక్ష చేయించారు. నివేదికలు నిజానికి దగ్గరయ్యాయి, ఆ పరిశ్రమల కాలుష్యమూ తగ్గింది. మనుషులు ప్రైవేటువారే, మారింది వాళ్లు ఎవరికి జవాబుదారీ అన్నది.

కొత్త నియమాల్లో యాదృచ్ఛిక కేటాయింపు ఉండడం మంచిదే కానీ, ఫీజు దారి, మళ్లీ పరీక్ష ఈ రెండూ గట్టిగా లేకపోతే అది సగం పనే అవుతుంది. మన జిల్లాలోనే సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రానికి ప్రైవేటు నివేదికా, ప్రభుత్వ అనుమతీ రెండూ ఉన్నాయి. 2010 జూలైలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ అనుమతిని రద్దు చేసే నాటికి పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అందుకే ప్రైవేటు మనిషీ, సర్కారూ ఒకే మాట మీద నిలబడినంత మాత్రాన నాకు ధైర్యం కలగదు.

రణస్థలం వాసి:
మళ్లీ పరీక్ష చేయడానికి కూడా మండలికి మనుషులు కావాలి కదండీ, వారెక్కడి నుంచి వస్తారు?

శ్రీకాకుళం అధ్యాపకుడు:
అన్ని సీసాలనూ పరీక్షించనక్కరలేదు. ఏ సీసాను మళ్లీ చూస్తారో ఆడిటర్‌కు ముందుగా తెలియకపోతే చాలు. తొలి తనిఖీల భారం తగ్గిన మండలి సిబ్బంది ఈ పని చేయవచ్చు. నమూనా పట్టేటప్పుడు పంచాయతీ మనిషి ఒకరు పక్కన ఉండాలనీ, గెడ్డలో నీరు పట్టే చోటును ఊరివాళ్లే చూపాలనీ, రెండు ఫలితాలూ తెలుగులో పంచాయతీ కార్యాలయం గోడకు అంటించాలనీ మనం రాతపూర్వకంగా అడుగుదాం. రైతు గారూ, వాన రాత్రుల తేదీలను మీరు రాసి ఉంచితే అర్జీకి జతచేస్తాను.