హుస్సేన్‌సాగర్ ఖర్చు ఎవరు భరించాలి?

లెక్కల తాతయ్య:
నెలకు రెండు ఆదివారాలైనా మనవణ్ణి హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ చెరువు ఒడ్డునున్న లుంబినీ పార్కుకు తీసుకువెళ్తాను. లోపలికి ఒక టికెట్, చెరువు మధ్యనున్న బుద్ధుడి విగ్రహం దగ్గరికి పడవకు ఇంకొకటి. మొన్న పడవ దిగుతుంటే వాడు ముక్కు మూసుకుని, "తాతయ్యా, డబ్బులిచ్చాం కదా, మళ్లీ ఈ వాసన ఎందుకు?" అన్నాడు. ముప్పై ఏళ్లు లెక్కలు రాసినవాణ్ణి, నోరు తెరవలేకపోయాను. సాగర్ బాగోగులు చూసేది హెచ్‌ఎండీఏ, అంటే హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ. అంతా టికెట్ల మీద గడవదని తెలుసు. చూడవచ్చినవాళ్లే కట్టాలా, ఊరంతా కట్టాలా? ట్యాంక్‌బండ్ గట్టున నిలబడి గాలి పీల్చుకునేవాడి దగ్గర రూపాయి అడగడానికి మాత్రం నాకు మనసొప్పదు.

నాలా పక్కిల్లు:
తాతగారూ, ఆ వాసన మా వైపు నుంచి వచ్చేదే. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ అని నాలుగు నాలాలు, అంటే పెద్ద కాలువలు, సాగర్‌లోకి వస్తాయి. వాటిలో మా కూకట్‌పల్లి నాలా పెద్దది. మా ఇళ్ల మురుగుకు తోడు బాలానగర్, జీడిమెట్ల వైపు పరిశ్రమల నీళ్లు ఏళ్ల తరబడి అందులోనే కలిశాయి. వానలు లేని రోజుల్లో మా నాలా నీటిని దారి మళ్లించి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపుతారు. గట్టి వాన కురిస్తే ఆ మళ్లింపు చాలదు, మురుగూ వరదా కలిసి చెరువులో పడతాయి. టికెట్ కొన్నవాడు నీళ్లు పాడుచేయడు. పాడుచేసే మేమేమో గేటు దాకా రాము. నెలకు 20 వేల లీటర్ల దాకా మంచినీళ్లు ఉచితంగా తీసుకుంటూ, అవే మురుగు చేసి మీ మనవడి మీదికి పంపుతున్నాం. పరిశ్రమల దగ్గర ముందు వసూలు చేయండి, తర్వాత మా నీటి బిల్లులో వేయండి. మా అపార్ట్‌మెంట్ సమావేశంలో ఈ మాటే అన్నాను. అప్పటినుంచి లిఫ్టులో నన్ను పలకరించేవాళ్లు తగ్గారు.

మండపం కుర్రాడు:
మా వినాయకుణ్ణి అక్కడే నిమజ్జనం చేస్తాం. మర్నాడు క్రేన్లతో పైకి తీసే ఇనుప చట్రాల్లో మాదీ ఒకటి ఉంటుంది. అడుగుకు ఇంత అని రుసుము పెడితే కడతాం. నిజానికి అలా పెడితేనే విగ్రహాల ఎత్తు తగ్గుతుందేమో! పక్క వీధివాళ్లు మాత్రం నన్ను తిడతారు.

దిగువ వీధి:
మేముండేది అశోక్‌నగర్‌లో. నేను పార్కుకు వెళ్లి పదేళ్లయింది, పడవ ఎక్కనే లేదు. కానీ పైనుంచి దిగే వరదను ఆ చెరువే పట్టి ఉంచుతుంది. అది నిండి, అలుగు నీళ్లు మా నాలాలో పడి మూసీ వైపు పోతున్నాయంటే ఆ రాత్రి మాకు నిద్ర ఉండదు. పూడిక పేరుకుంటే నీళ్లు నిలిచే చోటు తగ్గుతుంది, ఆ దెబ్బ ముందు తగిలేది మాకే. అందుకే పూడికతీత, తూముల ఖర్చును టికెట్లతో ముడిపెట్టకండి. అది ఖజానా నుంచి రావాలి, మా ఆస్తిపన్నులో కొంత అటు పోయినా సరే.

లెక్కల తాతయ్య:
వరద పద్దు నాకు తట్టనేలేదు. అయితే టికెట్ డబ్బు పార్కు మొక్కలకూ దీపాలకూ సరి. మురుగు పద్దు నాలా పక్కింటివారి పేరున రాసుకున్నాను, కోపగించుకోకండి. వచ్చే ఆదివారం పార్కు మానేసి మనవడికి మీ నాలా చూపిస్తాను. ఏ వంతెన దగ్గర నిలబడితే బాగా కనిపిస్తుందో చెప్పగలరా?