ఎనర్జీ కంపెనీ ఉచితంగా ఇన్సులేషన్ వేస్తానంటోంది (ఇంగ్లండ్, సొంతిల్లు): సంతకానికి ముందు ఏం చూసుకోవాలి?

తొలకరి:
1930ల నాటి సెమీ (ఒక వైపు గోడ పక్కింటితో కలిసిన ఇల్లు), మూడు బెడ్‌రూములు, ట్యాంకు లేకుండా నేరుగా వేడినీళ్ళిచ్చే గ్యాస్ కాంబీ బాయిలర్. ఈపీసీ (ఇల్లు ఎనర్జీని ఎంత పొదుపుగా వాడుతుందో ‘ఏ’ నుంచి ‘జీ’ వరకు చెప్పే సర్టిఫికెట్) రేటింగు ‘ఈ’. లాఫ్ట్‌లో (కప్పు కింది అటకలో) పాత ఇన్సులేషన్ 100 మి.మీ. ఉంది, గోడల్లో ఏమీ లేదు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ వస్తోంది. ఇంటింటికీ తిరిగే ఏజెంటు ఒకాయన లాఫ్ట్, గోడలు రెండూ ఉచితంగా చేయిస్తామని, ఇవాళే సంతకం కావాలని అంటున్నాడు. కంపెనీకి దీంట్లో ఏం ఒరుగుతుంది? మన సప్లయర్ వేరే అయినా కుదురుతుందా? గోడలు నింపాక చెమ్మ పట్టిందని చాలామంది అంటున్నారు, అసలు తేడా ఎక్కడ వస్తుంది?

దీపస్తంభం:
ఇవాళ సంతకం పెట్టకండి. ఒకవేళ పెట్టేసినా, ఇంటి దగ్గర కుదిరిన ఒప్పందాన్ని 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు మీకుంది.

ఇది కంపెనీ దయ కాదండీ. 2013 నుంచి ఉన్న ఎనర్జీ కంపెనీ ఆబ్లిగేషన్, అంటే ‘ఎకో’, పెద్ద సప్లయర్ల మీద చట్టం పెట్టిన బాధ్యత. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళలో హీటింగ్ ఖర్చు ఇంత తగ్గించాలని వాళ్ళకు లక్ష్యం ఉంటుంది, లెక్క చూసేది ఎనర్జీ నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్. ఆ ఖర్చును అందరి బిల్లుల్లోంచే రాబట్టారు, మీ బిల్లులోంచి కూడా. అందుకే మొహమాటపడకుండా అడగండి. మీ సప్లయరే కానక్కర్లేదు, ఈ బాధ్యత ఉన్న ఏ కంపెనీనైనా అడగొచ్చు.

ఎకో నాలుగో దశ అయిన ఎకో4లో ‘డీ’, ‘ఈ’ ఇళ్ళు కనీసం ‘సీ’కి, ‘ఎఫ్’, ‘జీ’ ఇళ్ళు కనీసం ‘డీ’కి చేరాలి. లాఫ్ట్ ఒక్కటి చాలంటే ఇన్‌స్టాలర్లు ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. అయితే రేటింగు పెంచడం కోసం మీ ఇంటికి నప్పని పని కూడా అంటగట్టే ప్రమాదం ఇక్కడే ఉంది.

ఇంకో సంగతి. ఎకోకు తర్వాతి దశ ఉండదని 2025 నవంబరు బడ్జెట్‌లో ప్రకటించారు. కాబట్టి కొత్త ఇళ్ళను ఇంకా తీసుకుంటున్నారా, పని ఏ తేదీకి పూర్తవుతుంది అన్నవి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. సగంలో ఆగిన పని అసలు మొదలుపెట్టని పని కంటే చెడ్డది. అక్కడ తలుపు మూసుకుంటే కౌన్సిల్ ఇచ్చే ‘వార్మ్ హోమ్స్: లోకల్ గ్రాంట్’ అడగండి. ఇంటి ఆదాయం ఏడాదికి 36,000 పౌండ్లు మించకుండా, ఈపీసీ ‘డీ’ నుంచి ‘జీ’ లోపు ఉన్న ఇళ్ళకు అది వర్తిస్తుంది.

ఈ చర్చ చదివే మరికొందరి కోసం: వీసా మీద ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ (ప్రభుత్వ సాయం తీసుకోకూడదు) అని ఉంటే, ఇన్సులేషన్ వస్తుంది కదా అని యూనివర్సల్ క్రెడిట్‌కు దరఖాస్తు పెట్టకండి. అది వీసా షరతుకు విరుద్ధం.

ఇటుకవరస:
చెమ్మ సంగతి నేను చెబుతాను.

ముందు గోడ ఏ రకమో తేల్చండి. 1930ల ఇళ్ళలో రెండు పొరల గోడ, మధ్య సుమారు 50 మి.మీ. ఖాళీ ఉండటం మామూలే, కానీ అన్నిట్లో ఉండదు. బయట ఇటుకలన్నీ పొడుగ్గానే కనిపిస్తే, గుమ్మం దగ్గర మందం 260 మి.మీ. దాటితే, ఖాళీ ఉన్నట్టే. పొడుగు ఇటుక, పొట్టి ఇటుక మార్చి మార్చి కనిపిస్తే అది గట్టి గోడ, దానికి ఈ పని కుదరదు. సర్వేయరు గోడకు చిన్న రంధ్రం చేసి, లోపలికి కెమెరా పంపి చూడాలి. బయట నిలబడి ఫొటో తీసుకుని వెళ్ళిపోయేవాడి రిపోర్టును నమ్మకండి.

కెమెరాలో చూడాల్సింది ఖాళీలో పడిన, ఇటుకలను అతికే మాలు ముద్దలు, ఇటుక ముక్కలు. అవి అలాగే ఉండగా థర్మోకోల్ పూసలో, ఫైబరో నింపితే బయటి పొర తడి వాటి మీదుగా లోపలి పొరకు చేరుతుంది. గాలివాన నేరుగా కొట్టే గోడైనా, ఇటుకల మధ్య పాయింటింగ్ రాలిపోయినా, ముందు దాన్ని బాగుచేయాలి, లేదా ఆ గోడను వదిలేయాలి. చెక్క నేల కిందికి గాలి వెళ్ళే ఎయిర్ బ్రిక్కులకు (రంధ్రాల ఇటుకలకు) నింపింది అడ్డుపడకుండా స్లీవులు వేశారో లేదో తప్పకుండా చూడండి. అవి మూసుకుపోతే నేల కింద దూలాలు కుళ్ళుతాయి. బాయిలర్ పొగగొట్టం (ఫ్లూ) పని తర్వాత తెరుచుకుని ఉందో లేదో పరీక్షించి కాగితం ఇవ్వాలి. ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం.

లాఫ్ట్ సులువు. ఉన్న 100 మి.మీ. పొర పొడిగా ఉంటే తీయక్కర్లేదు, దాని మీద దూలాలకు అడ్డంగా 170 మి.మీ. పరిస్తే మొత్తం 270 అవుతుంది. చూరు దగ్గర మాత్రం 50 మి.మీ. గాలి సందు వదలాలి. అక్కడిదాకా కుక్కేస్తే కప్పు చెక్కలకు నీరు పట్టి బూజు వస్తుంది. కరెంటు వైర్లు పొర కింద నలగకుండా పైకి తీయించండి. లాఫ్ట్ ఇక చల్లబడుతుంది కాబట్టి అక్కడి నీళ్ళ పైపులకు తొడుగు వేయించాలి. హ్యాచ్ మూతకూ ఇన్సులేషన్, అంచుకు రబ్బరు పట్టీ ఉండాలి.

అన్నిటికంటే ఎక్కువగా మర్చిపోయేది గాలి. సందులన్నీ మూశాక వంట ఆవిరి, స్నానం ఆవిరి పోవడానికి దారి ఉండదు. బాత్రూము ఫ్యాను సెకనుకు 15 లీటర్లు లాగాలి, దాని గొట్టం లాఫ్ట్‌లో కాక ఇంటి బయట తెరుచుకోవాలి. లోపలి తలుపుల కింద 10 మి.మీ. సందు ఉండాలి. ఈ లెక్కలన్నీ సరిగ్గా వేశారో లేదో చూడాల్సింది, పాత ఇళ్ళను మెరుగుపరిచే పనులకున్న ప్రమాణం పాస్ 2035 ప్రకారం నియమించిన రిట్రోఫిట్ కోఆర్డినేటర్. వెంటిలేషన్ పేజీ లేని డిజైన్ చూపిస్తే ఒప్పుకోకండి. ఫ్యాన్లు చప్పుడు చేస్తాయని తర్వాత ఆపేసినా చెమ్మ తప్పదు.

తొలకరి:
ఖాళీ లేదు, బయటి గోడకు బోర్డులు వేస్తామంటే?

ఇటుకవరస:
అప్పుడు రెట్టింపు జాగ్రత్త. ఈ పథకాల కింద బయటి గోడ ఇన్సులేషన్ వేసిన ఇళ్ళలో 98 శాతం చోట్ల పెద్ద లోపాలున్నాయని 2025 అక్టోబరులో నేషనల్ ఆడిట్ ఆఫీస్ చెప్పింది. కిటికీ గట్లు, పైపులు, కప్పు అంచు దగ్గర కొత్త మందానికి తగ్గట్టు గట్టును ఎలా పొడిగిస్తారో, నీరు దిగకుండా ఎలా మూస్తారో డ్రాయింగ్ అడగండి. ఇన్‌స్టాలరు పేరు ట్రస్ట్‌మార్క్‌లో (ప్రభుత్వ గుర్తింపున్న నాణ్యత పథకంలో) వెతకండి. ఇన్సులేషన్‌కు 25 ఏళ్ళ గ్యారంటీ కాగితం మీ పేరున మీ చేతికి రావాలి.

గూటిపిట్ట:
ఈ లోపు చేసుకోదగ్గవి రెండు. కాంబీ బాయిలర్‌లో రేడియేటర్లకు వెళ్ళే నీటి వేడి 75 డిగ్రీల దగ్గరుంటే 60కి దించండి. తిరిగొచ్చే నీరు 55 కంటే చల్లగా ఉంటేనే కండెన్సింగ్ (పొగలోని ఆవిరి నీరై, దాని వేడి తిరిగి అందడం) బాగా జరిగి గ్యాస్ ఆదా అవుతుంది. వేడినీళ్ళ ట్యాంకు ఉన్న ఇళ్ళవాళ్ళు దీన్ని అనుకరించవద్దు, లీజియొనెల్లా బ్యాక్టీరియా రాకుండా ట్యాంకు నీరు 60 డిగ్రీలు ఉండాలి.

రెండోది వార్మ్ హోమ్ డిస్కౌంట్, అంటే కరెంటు బిల్లులో 150 పౌండ్ల తగ్గింపు. ఇంగ్లండ్‌లో ఎక్కువమందికి దానంతటదే జమవుతుంది. చాలామందికి తప్పిపోయేది పేరు దగ్గర: కరెంటు ఖాతా, బెనిఫిట్ తీసుకునేవాళ్ళ పేరునో, భార్యాభర్తల్లో ఒకరి పేరునో ఉండాలి. కొడుకు పేరున కరెంటు, తల్లి పేరున పెన్షన్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్ళకు ఇచ్చే సాయం) అయితే లెక్కలోకి రాదు. ఖాతాదారు పేరు ఎవరిదో ఇవాళే బిల్లు తీసి చూడండి.