హీట్ అవుతున్న కారుకి థర్మోస్టాట్ పీకేద్దాం అంటున్నాడు మెకానిక్, తీయించొచ్చా?

పటమట_డీజిల్:
అందరికీ నమస్తే. నాది 2014 డీజిల్ హ్యాచ్‌బ్యాక్, లక్షా ముప్పై వేలు తిరిగింది. రోజూ పటమట నుంచి గుంటూరు వెళ్లొస్తా. పదిహేను రోజుల నుంచి కాజ టోల్‌గేట్ దగ్గరికి వచ్చేసరికి టెంపరేచర్ ముల్లు పైకి లేస్తోంది, స్పీడు తగ్గించి అరవైలో పోతే మళ్లీ కొంచెం దిగుతోంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. మొన్న అమ్మని ఎక్కించుకుని ఏసీ ఆపేసి అద్దాలు దించుకుని రావాల్సొచ్చింది, ఆ ఎండలో ఆవిడ పడ్డ అవస్థ చూడలేకపోయా. ఆటోనగర్లో ఒకాయన బానెట్ ఎత్తి చూసి థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక నీళ్లని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) పీకేద్దాం, ఫ్యాన్ డైరెక్ట్ ఇచ్చేద్దాం (నేరుగా కరెంటిచ్చి ఆగకుండా తిరిగేలా), ఎనిమిది వందలవుద్ది, మన ఎండలకి అదెందుకండీ చలిదేశాల వాళ్లకి కావాలి గానీ అన్నాడు. షోరూంలోనేమో రేడియేటరు, వాటర్ పంపు, థర్మోస్టాట్ అన్నీ మార్చాలి, ఇరవై రెండు వేలు అన్నారు, ఏం చెక్ చేసి చెప్తున్నారండీ అంటే జవాబు లేదు. ఈలోపు ఇంజన్ నీళ్ల లెవెల్ తగ్గినప్పుడల్లా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు పోస్తున్నా. ఏం చెయ్యమంటారు?

గుంటూరు_ట్రావెల్స్:
బ్రదర్ దయచేసి తీయించకండి. నేను ఒక బండికి తీయించా. మొదట్లో బానే ఉంది, ముల్లు కిందే ఉంటే హమ్మయ్య అనుకున్నా, తర్వాత చూస్తే లీటరుకి 21 వచ్చేది 17కి పడిపోయింది. ఇంజన్ ఎంతసేపు నడిచినా సరైన వేడికి రాదు కాబట్టి ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ డీజిల్ ఎక్కువ కొడుతుంది, ఆయిల్ కూడా తొందరగా పాడవుద్ది. ఫ్యాన్ డైరెక్ట్ మాత్రం అస్సలొద్దు. మా బండికి ఫ్యూజు, రిలే లేకుండా బ్యాటరీ నుంచి సన్న వైరు లాగారు, శంకర్ విలాస్ సెంటర్ ట్రాఫిక్‌లో కాలిన వాసనొస్తే బానెట్ ఎత్తా, వైరు మీద తొడుగు కరిగి హోస్ పైపుకి అంటుకుపోయి ఉంది. ఆ రోజు లోపల నలుగురు ప్యాసింజర్లున్నారు, ఇప్పటికీ తల్చుకుంటే భయమేస్తుంది.

ఆటోనగర్_మేస్త్రి:
నేనూ ఆటోనగర్లోనే పని చేస్తానండి, 19 ఏళ్లయింది. మీరు చెప్పినదాంట్లోనే సగం సమాధానం ఉంది. సిగ్నళ్ల దగ్గర హీటయ్యి హైవే మీద దిగితే ముందు ఫ్యాన్‌ని అనుమానించాలి. మీది ఉల్టా, హైవే మీద ఎక్కుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, మరి దాన్ని డైరెక్ట్ చేసి ఏం లాభం? నీళ్లు సరిగా తిరగట్లేదు, అది వాల్వు పూర్తిగా తెరుచుకోకైనా, రేడియేటర్ లోపల గార పట్టైనా, పంపు వల్లైనా కావొచ్చు. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు పక్కనున్న బైపాస్ దారిని కూడా అదే మూస్తుంది, పీకేస్తే కొంత నీరు రేడియేటర్‌కి పోకుండా మళ్లీ ఇంజన్లోకే తిరుగుద్ది, అప్పుడు రోహిణి కార్తెలో ఇంకా హీటవుద్ది.

కంపెనీ పుస్తకంలో వరస ఊరికే రాయలేదండి. ముందు చల్లటి ఇంజన్ మీద ప్రెషర్ టెస్ట్ (పంపుతో గాలి ఎక్కించి) పెట్టి లీకు చూడాలి, రేడియేటర్ మూత కూడా టెస్ట్ చెయ్యాలి. మూత ప్రెషర్ పట్టి ఉంచితేనే నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు, దాని రబ్బరు పోతే మీరెన్ని పార్టులు మార్చినా అంతే. అది ఐదు నిమిషాల పని, అయినా ఎవరూ చెయ్యరు, నాకు కోపం వచ్చేది అక్కడే. వాల్వు విప్పాక ఇంట్లోనే చూసుకోవచ్చు, దారం కట్టి గిన్నెలో నీళ్లలో అడుగు తగలకుండా వేలాడదీసి కాయండి, దాని మీద 82 అనో 88 అనో నంబరుంటుంది, ఆ డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టి నీళ్లు మరిగేలోపు బాగా తెరుచుకోవాలి. బోరు నీళ్లు ఆపేయండి, కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్ సగం. నింపాక గాలి తీయడం మర్చిపోవద్దు, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి ఫ్యాన్ వచ్చి ఆగేదాకా ఐడ్లింగ్‌లో ఉంచాలి. వేడి మీద మాత్రం మూత తియ్యొద్దు, ఆవిరి మొహం మీదకి తంతుంది.

పాత_అంబాసిడర్:
మేం అంబాసిడర్‌కి వేసవి వస్తే వాల్వు తీసి పక్కన పెట్టేవాళ్లం, ఏళ్ల తరబడి తిరిగాం, ఏమీ కాలేదు. పుస్తకం రాసినవాళ్లు బెజవాడ ఎండ చూశారా?

ఆటోనగర్_మేస్త్రి:
పెద్దాయనా, మీ బండికి సెన్సార్ చూసి డీజిల్ కొలిచే కంప్యూటర్ లేదు కదండీ. నేను కూడా పుస్తకం ప్రకారం బంపర్ మొత్తం విప్పాల్సిన చోట రెండు బోల్టులు లూజు చేసి పని కానిస్తా, అది కష్టం తగ్గించుకోవడం. పార్టే లేకుండా చెయ్యడం, ఇంజన్ హెడ్ బోల్టులు టార్క్ రెంచ్ (బిగువు కొలిచే పానా) లేకుండా చేతి అంచనాతో బిగించడం వేరు.

పటమట_డీజిల్:
అప్‌డేట్. వేరే షెడ్డులో పక్కనే నిలబడి చేయించా. ప్రెషర్ టెస్ట్‌లో కింది హోస్ క్లిప్ దగ్గర చుక్క చుక్క కారుతోంది, లెవెల్ తగ్గేది అందుకే. మూత బానే ఉంది. థర్మోస్టాట్ ఇంటికి తెచ్చి పాత పాల గిన్నెలో కాచా, అమ్మ కూడా వచ్చి చూసింది, నీళ్లు తెర్లుతున్నా గోరు పట్టేంత సందే తెరుచుకుంది, అంచంతా తెల్లటి గార. కొత్త వాల్వు, క్లిప్పు, రేడియేటర్ ఫ్లషింగ్, కూలెంట్, కూలీతో కలిపి 4,300 అయ్యింది. నిన్న మధ్యాహ్నం రెండింటికి ఏసీ వేసుకుని కాజ దాటా, ముల్లు సగం దగ్గర నిలబడిపోయింది. మేస్త్రి గారూ, చాలా థ్యాంక్స్ అండి. మళ్లీ ఎన్ని కిలోమీటర్లకి చెక్ చేయించాలో కూడా చెప్పండి.

ఆటోనగర్_మేస్త్రి:
వారం ఆగి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు లెవెల్ చూడండి, గాలి మిగిలుంటే కొంచెం దిగుద్ది, అదే కూలెంట్ కలిపి పోయండి. ఆ తర్వాత కూడా దిగుతుంటే బండి తీసుకురండి.